మూడెకరాల పన్నెండు గుంటలు: ఒక భూమి ఫైలు చుట్టూ పేరుకున్న అపనమ్మకం

2022 చలికాలంలో మా భూమి హక్కుల సహాయ కేంద్రానికి వచ్చిన ఒక పెద్దాయన, బల్ల మీద కాగితాల కట్ట పెట్టకముందే, చొక్కా లోపలి జేబులోంచి ఒక చేతిపుస్తకం తీసి నా ముందు ఉంచారు. ఆయనకు చదువు రాదు, మనుమడితో రాయించుకున్నారు. తన భూమి కోసం 2017 నుంచి ఏ తేదీన ఏ కార్యాలయానికి వెళ్ళారో, ఎవరిని కలిశారో, వాళ్ళు ఏమన్నారో, ఎక్కడ ఎంత ముట్టజెప్పారో అందులో వరుసగా ఉంది. అరవై పైచిలుకు తేదీలు. భూమి కేసుల్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను గాని, కక్షిదారు స్వయంగా తయారు చేసుకున్న ఇంత సమగ్రమైన రికార్డును అంతకు ముందెన్నడూ చూడలేదు. ఆయన భూమి గురించి ప్రభుత్వం దగ్గరున్న ఫైలు కంటే ప్రభుత్వం గురించి ఆయన దగ్గరున్న ఫైలే మెరుగ్గా ఉందని తర్వాత తేలింది.

కక్షిదారు అనుమతి తీసుకునే ఈ కేసు రాస్తున్నాను. ఊరు, మండలం, జిల్లా, సర్వే నంబరు ప్రస్తావించను, అధికారులను గుర్తుపట్టే వివరాలు కూడా ఇవ్వను. తెలంగాణలో నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్లు ఆపేసిన భూముల జాబితా) నుంచి ఒక రైతు భూమి బయటపడడమే విశేషమైతే దీన్ని రాయనక్కరలేదు, అలాంటివి మాలాంటి వాళ్ళందరి దగ్గరా ఉంటాయి. భూమి తిరిగి వచ్చాక కూడా ఆయన అపనమ్మకం ఎందుకు పోలేదన్నది నన్ను చాలాకాలం వదలని ప్రశ్న. ఆ అపనమ్మకాన్ని పెంచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కావడం ఇంకో కారణం.

భూమి సంగతి

పందొమ్మిది ఎకరాల ఆరు గుంటలున్న ఒక సర్వే నంబరులో మూడెకరాల పన్నెండు గుంటలను కక్షిదారు తండ్రి 1968లో ఒక పెద్ద పట్టాదారు నుంచి రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారా కొన్నారు. పహాణీలో, అంటే ఊరి సాగు రికార్డులో, పట్టాదారు కాలమ్‌లోనూ అనుభవదారు కాలమ్‌లోనూ ఏటేటా ఆయన పేరే వచ్చింది. 1973 నాటి భూసంస్కరణల చట్టం కింద, అమ్మిన పట్టాదారు 1975లో తన భూముల డిక్లరేషన్ దాఖలు చేశారు. ఆ కేసులో, ఇదే సర్వే నంబరులో ఆయన దగ్గర మిగిలిన భూమిలోంచి నాలుగెకరాల పది గుంటలు సీలింగ్ మిగులుగా, అంటే చట్టం అనుమతించిన పరిమితికి మించిన భూమిగా, తేలి ప్రభుత్వానికి దఖలు పడింది. సీలింగును తప్పించుకోవడానికి చేసిన బదిలీలను పట్టుకోవడం కోసం ఆ చట్టం 1971 జనవరి 24 తర్వాతి లావాదేవీల మీద దృష్టి పెట్టింది గాని, 1968 నాటి కొనుగోలు జోలికి పోలేదు. అందువల్ల ఆ సర్వే నంబరులో ఒక ముక్క ప్రభుత్వానిది, మిగతాది పట్టా భూమి. తండ్రి పోయాక కక్షిదారు పేరున విరాసత్ (వారసత్వ మార్పిడి) అయింది, పాత పాసు పుస్తకమూ వచ్చింది. 2017 దాకా ఇందులో తగాదా అన్నదే లేదు.

2017 సెప్టెంబరులో రాష్ట్రమంతటా భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. చిక్కు లేని భూములను పార్ట్-ఎలో, చిక్కున్న వాటిని పార్ట్-బిలో చేర్చాలన్నది పద్ధతి. ఈ సర్వే నంబరు మొత్తం పార్ట్-బిలోకి వెళ్ళింది, దాంతో కొత్త పాసు పుస్తకం రాలేదు. 2018 మేలో రైతుబంధు పెట్టుబడి సాయం ఎకరానికి 4,000 రూపాయల చొప్పున పంచడం మొదలైనప్పుడు, కొత్త పాసు పుస్తకం లేని ఈయనకు అది అందలేదు. ఊళ్ళో చెక్కులు పంచుతున్న రోజున తనది ప్రభుత్వ భూమి అని ఒకరు నలుగురిలో అన్నారని చేతిపుస్తకంలో ఉంది. తర్వాత రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలోకి సర్వే నంబరంతా చేరింది. 2020 అక్టోబర్ 29న భూరికార్డుల కోసం ధరణి పోర్టల్ ప్రారంభమయ్యాక అందులో తన భూమిని చూడబోతే కనిపించింది ఆ నిషేధం ఒక్కటే.

పటేల్ పట్వారీ నుంచి పోర్టల్ దాకా

ఈ కేసు అర్థం కావాలంటే కక్షిదారు వయసును గుర్తుపెట్టుకోవాలి. ఆయన యవ్వనమంతా పటేల్ పట్వారీల కాలంలో గడిచింది. నిజాం కాలం నుంచి మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ అనేవి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వతనులు. శిస్తు ఒకరి చేతిలో, ఊరి కట్టుబాటు ఒకరి చేతిలో ఉంటే, దస్త్రం పట్వారీ చేతిలో ఉండేది. దస్త్రం చేతిలో ఉండడమంటే మాటవరసకు కాదు, అది నిజంగానే పట్వారీ ఇంట్లో, ఆయన పెట్టెలో ఉండేది. తన భూమి ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలంటే రైతు ఆ గడప దగ్గర నిలబడాలి.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఈ వంశపారంపర్య గ్రామోద్యోగాలన్నిటినీ రద్దు చేసింది. ఆంధ్రలో కరణం, మునసబులకు, తెలంగాణలో పటేల్, పట్వారీలకు అదే ముగింపు. వాళ్ళు కోర్టుకు వెళ్ళినా 1985లో సుప్రీంకోర్టు రద్దును సమర్థించింది. అదే ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. పుట్టుకతో వచ్చే అధికారాన్ని తీసేసిన ఆ నిర్ణయం గొప్పదని నేను ఇప్పటికీ అనుకుంటాను. అయితే చాలా ఊళ్ళలో దస్త్రం సగమే ప్రభుత్వానికి చేరింది, పాత పహాణీ కావాలంటే మాజీ పట్వారీ ఇంటికి పోవడం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు సాగింది. గ్రామస్థాయి ఉద్యోగం పేరు పలుమార్లు మారి చివరికి గ్రామ రెవెన్యూ అధికారి, అంటే వీఆర్వో అయింది.

2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం వీఆర్వో పోస్టులనూ రద్దు చేసింది. సెప్టెంబర్ 7న, వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నిటినీ ఆ మధ్యాహ్నమే స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్ళాయి. అవినీతి వేళ్ళు గ్రామంలోనే ఉన్నాయని, వాటిని నరికితే చెట్టు పడుతుందని అప్పట్లో అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అదే నెలలో వచ్చిన కొత్త పాసు పుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది, రికార్డులో తప్పు దిద్దే పని క్రమంగా కలెక్టరు లాగిన్‌కు చేరింది, పై అధికారికి అప్పీలు చేసుకునే దారి మూసుకుపోయింది. దశాబ్దాలుగా రైతు స్వాధీనాన్ని చెప్పిన అనుభవదారు కాలమ్ కూడా పోయింది. గ్రామంలో ఒక మనిషి చేతిలో ఉన్న అధికారం జిల్లా కేంద్రంలో ఒక తెర వెనక్కి వెళ్ళింది.

దీని మీద కక్షిదారు అభిప్రాయాన్ని ఆయన మాటల్లోనే రాసుకున్నాను. "పట్వారీ ఉన్నప్పుడు ఎవని కాళ్ళు మొక్కాల్నో ఎరుక ఉండె సారు. ఇప్పుడు ఎవని కాళ్ళు మొక్కాల్నో గూడ ఎరుక లేదు."

పాత రోజులు మంచివని ఆయన అనడం లేదు, పట్వారీ గడప దగ్గర తండ్రి చేతులు కట్టుకుని నిలబడడం చూసిన మనిషి ఆయన. అధికారం పోలేదనీ, అది కూర్చునే చోటు మాత్రమే మారిందనీ, ఈసారి ఆ చోటు తనకు కనిపించడం లేదనీ చెబుతున్నారు. కార్యాలయాల చుట్టూ తిరిగే రైతులు ఇదే సంగతిని ఇంకో రకంగా చెబుతారు: సార్లు వస్తారు పోతారు, సెక్షన్ ఉంటుంది. తహసీల్దార్లు, ఆర్డీవోలు రెండు మూడేళ్ళకో, కొన్నిసార్లు నెలలకో బదిలీ అవుతారు. ఫైలు ఎక్కడుందో, ఏది పైకి పెట్టాలో, ఏది అడుగున ఉంచాలో తెలిసిన వాళ్ళు మాత్రం ఆ బల్లల దగ్గర ఏళ్ళ తరబడి ఉంటారు. పాతుకుపోయిన అధికారం అన్నప్పుడు చదువుకున్నవాళ్ళ దృష్టి పై అంతస్తు మీదికి పోతుంది, రైతు దృష్టి మాత్రం ఈ బల్లల మీదే ఉంటుంది.

కక్షిదారు అనుమానాలు, నా మొదటి పొరపాట్లు

మొదటి రోజు ఆయన చెప్పిన కథలో ఒక దుర్మార్గుడు ఉన్నాడు. ప్రక్షాళన నాటి వీఆర్వోకు ఊళ్ళో ఒక బంధువున్నాడనీ, ఆ బంధువు కన్ను ఈ భూమి మీద ఉందనీ, అందుకే కావాలని పార్ట్-బిలో పెట్టించారనీ ఆయన గట్టిగా నమ్ముతున్నారు. నిషేధిత జాబితాలోంచి తీయిస్తానని ఒక బ్రోకరు వచ్చిపోయిన తేదీలు కూడా చేతిపుస్తకంలో ఉన్నాయి. తీయించడం కుదరకపోతే పావు ధరకు తానే కొంటానని అతను అన్నాడట. నిషేధంలో ఉన్న భూమిని కొంటానంటున్నాడంటే అది ఎలా విడుదలవుతుందో అతనికి తెలిసే ఉండాలని పెద్దాయన తర్కం. ఆ తర్కంలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

అప్పటికే 2021లో ఒకసారి, 2022లో ఒకసారి మీసేవ ద్వారా పెట్టిన దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. రెండుసార్లూ ఫోనుకు ఒక సంక్షిప్త సందేశం వచ్చింది, అందులో కారణం లేదు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణికి పలుమార్లు వెళ్ళారు, ప్రతిసారీ రసీదు ఇచ్చారు, ప్రతిసారీ ఆ అర్జీ తహసీల్దార్ కార్యాలయానికే తిరిగి వెళ్ళింది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళనే నివేదిక అడగడం మన పరిపాలనలో ఎంత మామూలైపోయిందంటే, అది వింతగా కనిపించడం మాలాంటి వాళ్ళకు కూడా ఎప్పుడో మానేసింది.

నేను చేసిన మొదటి పొరపాటు, ఫైలు చూడకుండానే మూడో దరఖాస్తు పెట్టించడం. దస్తావేజు, పాత పహాణీలు, పాసు పుస్తకం నకళ్ళు జతచేశాను, పకడ్బందీగా ఉందని మురిసిపోయాను. అదీ తిరస్కరణకు గురైంది. ఎందుకు కాదన్నారో తెలియకుండా మళ్ళీ అడగడం గోడకు తల కొట్టుకోవడమే.

రెండో పొరపాటు ఇంకా పెద్దది, దాన్ని పొరపాటుగా గుర్తించడానికి నాకు నెలలు పట్టింది. కలెక్టరేట్‌లో నాకు తెలిసిన ఒక అధికారికి ఫోన్ చేసి ఫైలు సంగతి కాస్త చూడమన్నాను. ఎలాంటి డబ్బూ చేతులు మారలేదు, చట్టవిరుద్ధంగా ఏమీ అడగలేదు. మూడు రోజుల్లో తహసీల్దారును మళ్ళీ నివేదిక కోరుతూ లేఖ వెళ్ళింది. ఈ శుభవార్త కక్షిదారుకు సంతోషంగా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను ఐదేండ్లు తిరిగితే కదలంది మీ ఒక్క ఫోనుకు కదిలింది. అంటే ఆళ్ళ చేతిలనే ఉండె గద సారు" అన్నారు. ఆ రోజు తేదీ కింద చేతిపుస్తకంలో నా పేరు ఎక్కింది, బ్రోకరు పేరున్న పేజీకి సరిగ్గా మూడు పేజీల తర్వాత.

నా ఉద్దేశం వేరని నాకు తెలుసు. ఆయన పట్టికలో మాత్రం నేనూ బ్రోకరూ ఒకే రకమైన సాక్ష్యాలం. పరిచయం ఉంటే కదులుతుంది, లేకపోతే కదలదు అన్న ఆయన సిద్ధాంతాన్ని, అది తప్పని నిరూపించవలసిన నేనే రుజువు చేశాను. ఇంతా చేస్తే రెండు నెలల్లో ఆ అధికారి బదిలీ అయ్యారు, ఫైలు మళ్ళీ ఆగిపోయింది. అది ఆగిపోవడం కూడా ఆయన సిద్ధాంతానికే బలమిచ్చింది.

ఫైలులో ఏముంది

2023 మొదట్లో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేశాం. నకళ్ళు అడగడంతో సరిపెట్టకుండా, ఆ చట్టంలోని 2(జె) సెక్షన్ ఇచ్చిన హక్కు ప్రకారం నోట్ ఫైలును, సీలింగ్ కేసు ఫైలును స్వయంగా పరిశీలిస్తామని రాశాం. పరిపాలనా నిర్ణయం వల్ల ప్రభావితులైన వారికి దాని కారణాలు చెప్పాలని 4(1)(డి) సెక్షన్ అంటుంది, దాన్నీ ఉదహరించాం. చట్టం చెప్పిన ముప్పై రోజులూ మౌనంగా గడిచాయి. మొదటి అప్పీలు వేశాక పరిశీలనకు ఒక తేదీ వచ్చింది. కక్షిదారును వెంట తీసుకువెళ్ళాను. వద్దన్నవాళ్ళున్నారు గాని, ఆ ఫైలు ఆయన కళ్ళముందు తెరుచుకోవడం నాకు ముఖ్యమనిపించింది.

నోట్ ఫైలులో మొదటి కాగితం 2017 నాటి వీఆర్వో నివేదిక. అందులో ఉన్నది ఒకే ఒక వాక్యం: సదరు సర్వే నంబరులో సీలింగ్ మిగులు భూమి కలదు. ఎంత ఉంది, ఏ దిక్కున ఉంది, ఎవరి స్వాధీనంలో ఉంది అన్న వివరాలు లేవు. దాని కింద గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) తాను ఏకీభవిస్తున్నట్లు రాశారు. దాని మీద డిప్యూటీ తహసీల్దార్ సమర్పించడమైనదని రాశారు, తహసీల్దార్ సంతకం చేశారు. 2021లోనూ, 2022లో రెండుసార్లూ కలెక్టరేట్ సెక్షన్ నుంచి లేచిన టిప్పణి ఒక్కటే: తహసీల్దార్ నివేదిక దృష్ట్యా తిరస్కరించవచ్చు. తహసీల్దార్ నివేదిక అంటే గిర్దావర్ ఏకీభావం, గిర్దావర్ ఏకీభావం అంటే వీఆర్వో వాక్యం. ఈ మధ్యలో ఆ వీఆర్వో పోస్టే రద్దయింది. ఆ పోస్టుల్లో ఉన్న దాదాపు ఐదు వేల మందిని తర్వాత వేరే శాఖలకు పంపేశారు. మనిషి పోయాడు, పోస్టు పోయింది, అతను రాసిన వాక్యం మాత్రం కంప్యూటర్‌లో కూర్చుని ప్రతి దరఖాస్తునూ కొట్టేస్తూ వచ్చింది.

సీలింగ్ కేసు ఫైలు అదే ఆవరణలోని రికార్డు గదిలో దొరికింది. మిగులు భూమి స్వాధీనం చేసుకున్ననాటి పంచనామా, అంటే సాక్షుల ముందు రాసుకున్న నివేదిక, అందులో పదిలంగా ఉంది. నాలుగెకరాల పది గుంటలు సర్వే నంబరుకు ఉత్తర భాగంలో, నాలుగు హద్దులతో సహా రాసి ఉంది. కక్షిదారు భూమి దక్షిణాన ఉంటుంది. ఆ పంచనామాలో దక్షిణపు హద్దుగా రాసింది ఎవరి భూమినో కాదు, కక్షిదారు తండ్రిదే. ప్రభుత్వం తన చేత్తో, తన కాగితం మీద, ఈ భూమి మాది కాదు అని దశాబ్దాల కిందటే రాసుకుంది.

ఆ రోజు ఫైలు తీసిచ్చిన సెక్షన్ ఉద్యోగితో మాట్లాడాను. దాపరికం లేకుండా చెప్పారు. జాబితాలోంచి తీయమని తాను నోట్ పెడితే రేపు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, విజిలెన్స్ అడగవచ్చు, ప్రభుత్వ భూమిని ధారాదత్తం చేశారని పత్రికలో రావచ్చు. ఉంచమని నోట్ పెడితే తనను అడిగేవారు ఎవరూ ఉండరు. ఇన్నేళ్ళ సర్వీసులో కాదన్నందుకు మెమో అందుకున్నవారిని తాను చూడలేదని అన్నారు. ఆయన మాటను కొట్టిపారేయలేను. దొంగ కాగితాలతో ప్రభుత్వ భూములు అన్యాక్రాంతమైన మాట నిజమే, ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. ప్రజలు కార్యాలయాన్ని నమ్మరని మనం అంటాం గాని, కార్యాలయం లోపల కూడా కింది మనిషి పై మనిషిని నమ్మడు, పై మనిషి కింది మనిషి రాసిందాన్ని దాటి అడుగు వేయడు. 2019 నవంబర్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆమె గదిలోనే సజీవ దహనం చేసిన ఘోరం తర్వాత ఈ దూరం ఇంకా పెరిగింది. నేను తరచూ వెళ్ళే ఒక కార్యాలయంలో ఆ నెలలోనే బల్లల ముందు తాడు కట్టారు, చాలాకాలం విప్పలేదు.

దుర్మార్గుడు లేడన్న మాట

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కక్షిదారుకు వివరించాను: ఇందులో కుట్ర ఏదీ కనిపించడం లేదు, వీఆర్వో బంధువు ప్రమేయానికి ఆధారం లేదు, ఒకరు చూడకుండా రాస్తే మిగతావాళ్ళు చూడకుండా సంతకం పెట్టారు. ఈ మాట వింటే ఆయన మనసు తేలికపడుతుందని నేను ఆశించాను. ఆయన ఒప్పుకోలేదు. "గట్లైతే ఇంతమందిల ఒక్కడన్న చూస్తుండె గద" అన్నారు.

ఈ వాక్యంతో నేను చాలారోజులు కుస్తీ పట్టాను. లంచం, నిర్లక్ష్యం, భయం అని మేము వేరువేరు గడులు గీసుకుంటాం, ఏ గడిలో పడితే ఆ మందు వేస్తాం. పోగొట్టుకున్నవాడికి ఆ గడులతో పనిలేదు. పక్క గదిలోని పంచనామాను ఆరేళ్ళ పాటు ఒక్కరూ తీసి చూడకపోవడాన్ని అమాయకత్వం అని పిలవమని ఆయన్ను ఎలా అడగగలను? పైగా చేతిపుస్తకంలో ముట్టజెప్పిన మొత్తాలు ఉన్నాయి. తీసుకున్నవాళ్ళు ఫైలును కదిలించగల స్థానంలో కూడా లేరు, కదిలిస్తామన్న నమ్మకాన్ని మాత్రం అమ్ముకున్నారు. కుట్ర లేదన్న నా నిర్ధారణ కాగితం మేరకు నిజం కావచ్చు, తప్పంతా చూడకపోవడమేనన్న భాగం మాత్రం ఆ చేతిపుస్తకం ముందు నిలవదు.

ఒకటి మాత్రం నాకు స్పష్టమైంది. కారణం చెప్పని చోట జనం కారణాన్ని తామే తయారు చేసుకుంటారు, అలా తయారైన దానిలో ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. తిరస్కరణ సందేశంలో సీలింగ్ భూమి ఉన్నందున అన్న మూడు మాటలు ఉండి ఉంటే, 2021లోనే సీలింగ్ ఫైలు అడగడానికి వీలుండేది, వీఆర్వో బంధువు మీద ఇన్నేళ్ళ పగ పెరిగేది కాదు. ఆ రెండు ఇళ్ళ మధ్య ఇప్పటికీ మాటల్లేవు. ఏ లెక్కలోకీ రాని నష్టం ఇది.

పొలంలో చదివిన పంచనామా

సీలింగ్ పంచనామా ధ్రువీకృత నకలు, దస్తావేజు, వరుస పహాణీలు జతచేసి, సర్వే చేయించి హద్దులు తేల్చాలని కోరుతూ 2023 చివర్లో మళ్ళీ అర్జీ పెట్టాం. ఈసారి అర్జీలో మొదటి పేరాలోనే గత తిరస్కరణలకు ఆధారమైన వాక్యాన్ని ఉటంకించి, అది ఏ కాగితానికి విరుద్ధమో రాశాం. 2024 మార్చిలో ప్రభుత్వం ధరణి పెండింగ్ దరఖాస్తుల మీద ప్రత్యేక డ్రైవ్ పెట్టడం మాకు కలిసి వచ్చింది.

సర్వే రోజున మండలానికి కొత్తగా వచ్చిన తహసీల్దార్ స్వయంగా పొలానికి వచ్చారు. రావాలని నియమమేమీ లేదు. సర్వేయర్ టీపన్ (పాత కొలతల పత్రం), గ్రామ నక్షా (పటం) పట్టుకుని కొలతలు వేస్తుండగా, తహసీల్దార్ గట్టు మీద నిలబడి పాత పంచనామాను చుట్టుపక్కల రైతులందరికీ వినబడేలా చదివారు. తూర్పు హద్దు దగ్గర రాయి ఎక్కడుందని కక్షిదారునే అడిగారు. ఆయన నడిచి వెళ్ళి, ముళ్ళపొదను కర్రతో తొలగించి రాయిని చూపించారు. ఈ మొత్తం కేసులో ప్రభుత్వం ఆయన్ను ఒక ప్రశ్న అడిగి, ఆయన జవాబును కాగితం మీద రాసుకున్నది ఆ ఒక్కసారే. వీఆర్వో బంధువు కూడా ఆ రోజు రాసిన పంచనామా మీద సాక్షిగా సంతకం పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. రెండు పేజీలు. 1968 దస్తావేజు, సీలింగ్ ఫైలు, హద్దులు, సర్వే నివేదిక ఒక్కొక్కటీ చర్చించి, మూడెకరాల పన్నెండు గుంటలను నిషేధిత జాబితా నుంచి తొలగిస్తున్నట్లు, ఉత్తరాన ఉన్న నాలుగెకరాల పది గుంటలు జాబితాలోనే కొనసాగుతాయని అందులో ఉంది. మంచి ఉత్తర్వు, కాపీని నమూనాగా దాచుకున్నాను.

అయితే ఆ సర్వే నంబరులో ఇంకా పదకొండు మంది పట్టాదారులున్నారు. సీలింగ్ భూమి ఉత్తరాన మాత్రమే ఉందని తేలాక, ఆ కారణం వాళ్ళందరికీ వర్తిస్తుంది. అయినా ఉత్తర్వు ఒక్కరి విస్తీర్ణానికే పరిమితమైంది, ఎందుకంటే దరఖాస్తు పెట్టింది ఒక్కరే. మిగతావాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న ఊహించదగినదే: ఆయనకు ఎవరు చేయించారు, ఎంత అయింది? ఉత్తర్వులోని కారణాలను చదివి వినిపించాను. తలలూపారు గాని, నమ్మినట్లు కనబడలేదు. నిజానికి ఇందులో నా తప్పూ ఉంది, మొదటి అర్జీని పన్నెండు మంది పేరున పెట్టించి ఉండవలసింది. ధరణి స్థానంలో భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక 2025 జూన్‌లో జరిగిన రెవెన్యూ సదస్సులో ఆ పదకొండు మందితో అదే ఉత్తర్వును జతచేసి ఉమ్మడిగా దరఖాస్తు ఇప్పించాం. కొందరివి తేలాయి, కొందరివి నడుస్తున్నాయి.

తర్వాత మార్చుకున్న పద్ధతి

ఈ కేసు తర్వాత మా కేంద్రంలో పనిచేసే తీరు కొంత మారింది. ఫైలు పరిశీలించకుండా ఇప్పుడు ఏ దరఖాస్తూ పెట్టడం లేదు. దీనివల్ల మొదట్లో రెండు మూడు నెలలు ఆలస్యమవుతుంది, కక్షిదారులు విసుక్కుంటారు, అయినా సరే. సర్వే నంబరు మొత్తానికి వర్తించే లోపమైతే అందులోని పట్టాదారులందరినీ కూర్చోబెట్టి ఒకే అర్జీ రాస్తాం. కలిసి రావడానికి ఒప్పుకోని అన్నదమ్ములుంటే ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ప్రతి కక్షిదారుకూ ఒక చేతిపుస్తకం ఇస్తున్నాం. ఆ ఆలోచన పెద్దాయనదే.

పరిచయస్తులకు ఫోన్ చేయడం పూర్తిగా మానేశానని చెబితే అబద్ధమవుతుంది. కొన్నిసార్లు ముసలివాళ్ళ వైద్యానికి డబ్బు అత్యవసరమై భూమి అమ్ముకోవలసిన స్థితిలో, విధానం కోసం మనిషిని ఎండబెట్టడం నాకు చేతకాదు. అయితే అలా చేసినప్పుడు, ఏం అడిగానో ఒక లేఖగా రాసి అదే రోజు కార్యాలయానికి పంపి, నకలు కక్షిదారు చేతిలో పెడుతున్నాను. ఇది ఆ పనిలోని అన్యాయాన్ని తుడిచేయదని తెలుసు. పరిచయం లేని వాడి ఫైలు ఆ రోజు కూడా వరుసలో వెనక్కే జరుగుతుంది.

కక్షిదారుకు కొత్త పాసు పుస్తకం వచ్చింది. దాన్ని మామూలుగా బీరువాలో పెట్టి, కలెక్టరు ఉత్తర్వు రెండు పేజీలను మాత్రం లామినేషన్ చేయించుకున్నారు. ప్రతి సోమవారం పొద్దున మనుమడి ఫోన్‌లో పోర్టల్ తెరిపించి తన పేరు, విస్తీర్ణం ఉన్నాయో లేదో చూయించుకుంటారు. పోదని నేను చెప్పడం మానేశాను, ఒకసారి పోయింది కదా.

2025లో ఊళ్ళలో రెవెన్యూ పని చూసే గ్రామ పాలనాధికారులు వచ్చారు, పాత వీఆర్వోల్లో కొందరు ఎంపిక పరీక్ష రాసి మళ్ళీ ఊళ్ళలోకి చేరారు. ఆ ఊరికి వచ్చిన అధికారి కొత్త మనిషి, చిన్న వయసు, మొదటి వారంలోనే ఇంటింటికీ వెళ్ళి పరిచయం చేసుకున్నారని విన్నాను. పెద్దాయన కుర్చీ వేసి, టీ తెప్పించి, మర్యాదగా మాట్లాడి పంపారట. అధికారి గడప దాటగానే మనుమణ్ణి పిలిచి, చేతిపుస్తకంలో కొత్త పేజీ తీయించి, తేదీ వేయించి, ఆ అధికారి పేరు రాయించారు.